గర్భిణి రాజీనామా మీరు చూడకుండా చెల్లకూడదు

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ కమిషనర్ గారికి, విజయవాడ, గుంటూరుల్లో పనిచేస్తున్న జాయింట్ కమిషనర్లు, డిప్యూటీ కమిషనర్లు, అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్లందరికీ నమస్కారం.

నేను గవర్నర్‌పేటలో పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) పనులు చూసే కన్సల్టెంట్‌ని. బట్టల షోరూమ్‌లు, నగల కొట్లు, నర్సింగ్ హోమ్‌లు, కాలేజీలు, ఆటోనగర్‌లోని చిన్నా చితకా కంపెనీలు, వీళ్లందరి చలానాలు నెలనెలా కట్టించడం నా వృత్తి. మీ ఆఫీసులకు నేను కొత్త మనిషిని కాను, ముఖం చూస్తే మీలో చాలామంది గుర్తుపడతారు. యజమానులిచ్చే ఫీజులతోనే నా ఇల్లు గడుస్తోంది. ఈ ఉత్తరం చదివాక వాళ్లలో ఒకరిద్దరు ఫైళ్లు వెనక్కి పట్టుకుపోవచ్చు. పోనీండి.

ఈఎస్‌ఐ నెలవారీ రిటర్న్ వేసేటప్పుడు ఎవరికైనా పనిదినాలు సున్నా అని కొడితే, పోర్టల్ కారణం అడుగుతుంది. సెలవులో ఉన్నారా, రిటైరయ్యారా, చనిపోయారా, పని మానేశారా అని కొన్ని ఆప్షన్లు చూపిస్తుంది. వాటిలో ఒకటి ‘లెఫ్ట్ సర్వీస్’. అది ఎంచుకుని, చివరి పనిదినం తేదీ వేస్తే ఆ మనిషి పేరు మరుసటి నెల నుంచి రాదు. పాతిక, ముప్ఫై ఏళ్ల లోపు ఆడపిల్లల పేర్లు ఈ ఆప్షన్ కింద పోతూ ఉంటాయి. షాపు మేనేజర్‌ని అడిగితే ‘ఆ అమ్మాయి మానేసిందండీ’ అంటాడు. మూడు నాలుగు నెలలకు ఆ అమ్మాయే ఫోన్ చేస్తుంది. ‘మేడమ్, నా ఐపీ నంబర్ (ఈఎస్‌ఐ బీమా నంబర్) ఇంకా పనిచేస్తుందా? గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపించుకోవచ్చా?’ అని. ఎన్నో నెల అని అడిగితే ఏడో, ఎనిమిదో చెబుతుంది. వెనక్కి లెక్క వేసుకుంటే, షాపులో పొట్ట కనిపించడం మొదలైన నెలలోనే పేరు పోయి ఉంటుంది.

పీఎఫ్‌లోనూ ఇంతే. కారణం దగ్గర ‘సెసేషన్’, అంటే ఉద్యోగం ముగిసింది అని పడుతుంది. నెల తప్పింది కాబట్టి పంపించేశాం అని చెప్పే ఆప్షన్ ఏ పోర్టల్‌లోనూ ఉండదు. కాబట్టి ప్రభుత్వ రికార్డుల ప్రకారం మన రెండు ఊళ్లలో గర్భిణిని ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయడం లేదు. వాళ్లంతట వాళ్లే మానేస్తున్నారు.

ఎలా మానేస్తున్నారో చెబుతాను. మీకు తెలియదని కాదు, కాగితం మీద ఒకసారి ఉండాలని.

బీసెంట్ రోడ్డు మీదో, బందరు రోడ్డు మీదో పెద్ద షోరూమ్‌లో సేల్స్‌గర్ల్ పొద్దుటి నుంచి రాత్రి షట్టర్ వేసేదాకా నిలబడే ఉంటుంది. (కూర్చోవడానికి స్టూల్ వేయాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో ఏకంగా చట్టాలే సవరించుకోవాల్సి వచ్చింది.) కడుపుతో ఉన్నానని చెప్పిన వారానికి ఆమెను గ్రౌండ్ ఫ్లోర్ నుంచి మూడో అంతస్తుకు మారుస్తారు. లిఫ్ట్ కస్టమర్లకు. టార్గెట్ మాత్రం మారదు. డాక్టర్ దగ్గరికి వెళ్తానంటే ఆ రోజు జీతం కోత. శ్రావణ మాసం, పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే ఫ్లోర్ మేనేజర్ గొంతు మెత్తబడుతుంది. ‘నీ మంచికే చెబుతున్నానమ్మా. రెస్ట్ తీసుకో. కాన్పయ్యాక రా, నీ ఉద్యోగం ఎక్కడికి పోతుంది?’ తిట్టి పంపిస్తే ఆమెకు కోపమైనా వచ్చేది. ఇలా అనేసరికి కృతజ్ఞతతో సంతకం పెడుతుంది.

సంతకం పెట్టే కాగితం షాపు కంప్యూటర్‌లో తయారుగా ఉంటుంది. పదో తరగతి తెలుగు మీడియంలో చదివిన పిల్ల కూడా ‘డ్యూ టు పర్సనల్ రీజన్స్’ అంటూ చక్కటి ఇంగ్లీషులో రాజీనామా ఇస్తుంది. నేను చూసిన ఆ ఉత్తరాలన్నీ ఒకే అచ్చు, మారేది పేరూ తేదీ మాత్రమే. కొన్నిచోట్ల అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఉద్యోగంలో చేరిన రోజే తెల్లకాగితం మీద సంతకం తీసుకుని ఉంచుకుంటారు. కాలేజీల్లో లెక్చరర్లకైతే ఒరిజినల్ సర్టిఫికెట్లే తాళం. ఒరిజినల్స్ కావాలన్నా, రిలీవింగ్ లెటర్ కావాలన్నా రాజీనామా ముందు టేబుల్ మీద పెట్టాలి.

నర్సింగ్ హోమ్‌ల సంగతి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా వీధికి రెండు మూడు కాన్పుల ఆస్పత్రులు కనిపిస్తాయి. లేబర్ రూమ్‌లో రాత్రంతా నిలబడి పక్కవాళ్లకు పురుళ్లు పోసే స్టాఫ్ నర్సుకు తన ఆరో నెల రాగానే నైట్ డ్యూటీలు రెట్టింపవుతాయి. తట్టుకోలేక ఆమే మానేస్తుంది. మళ్లీ ‘పర్సనల్ రీజన్స్’.

ఇప్పుడు చట్టం సంగతి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం గానీ, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గానీ ఈ విషయంలో మెతకగా ఏమీ లేవు. పదిమంది, అంతకు మించి పనిచేసే షాపుకు వర్తిస్తుంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, 26 వారాల జీతంతో సెలవు. పర్మనెంటా, ప్రొబేషనా అన్న ప్రశ్నే లేదు. దినకూలీ మీద మస్టర్ రోల్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న ఆడవాళ్లకూ ఇది వర్తిస్తుందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో అయిపోయినా ప్రయోజనం ఆగదని 2023లో కవితా యాదవ్ కేసులో చెప్పింది. సెలవులో ఉండగా తీసేయడం, ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చడం చట్టవిరుద్ధం. గర్భంతో ఉన్నప్పుడు తీసేసినా ఆమెకు రావాల్సిన డబ్బు ఆగదు.

ఇవన్నీ ‘తీసేస్తే’ వర్తించే రక్షణలు. మన దగ్గర ఎవరూ తీసేయడం లేదు కదా!

అప్పీలు గడువు చూడండి. తీసేసినట్టు ఉత్తర్వు అందిన రోజు నుంచి 60 రోజులు. రాజీనామా అయితే ఉత్తర్వే లేదు. ఇక 60 రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి? ఒకవేళ ఉత్తర్వు ఉందనే అనుకుందాం. ఏడో నెలలో సీమంతం చేసి పిల్లను పుట్టింటికి పంపుతారు. పుట్టిల్లు ఏ మాచర్లో, తిరువూరో, అవనిగడ్డో. అక్కడి నుంచి నిండు చూలాలు బస్సెక్కి విజయవాడ వచ్చి, మీ ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని, ఇంగ్లీషులో అప్పీలు రాయించి ఇవ్వాలి. లేదంటే బాలింతగా ఉన్నప్పుడు ఇవ్వాలి. కాన్పు, కుట్లు, పసిబిడ్డ కామెర్లు, టీకాలు అన్నీ అయ్యి ఆమె ఊపిరి పీల్చుకునే రోజుకు మీ 60 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ఒక మనిషి జీవితంలో ఆఫీసుల చుట్టూ తిరగడానికి అస్సలు వీల్లేని నెలలు ఏవని వెతికితే సరిగ్గా ఇవే దొరుకుతాయి. ఫిర్యాదు ఈ నెలల్లోనే ఇమ్మంటున్నాం.

యజమానుల వైపు నుంచీ మాట్లాడతాను, వాళ్లతోనే నా బతుకు కాబట్టి. జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగిని ఈఎస్‌ఐలో ఉంటే 26 వారాల జీతం ఇచ్చేది ఈఎస్‌ఐ. షాపు కాదు. యజమాని నెలనెలా కట్టే 3.25 శాతం, ఆమె జీతంలో కోసే 0.75 శాతం అందుకే. ఆరేసి నెలల రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి 70 రోజుల కంట్రిబ్యూషన్ ఉంటే ఆమె అర్హురాలు. అంటే ఆ అమ్మాయి ప్రసవానికి వెళ్తే షాపు గల్లాపెట్టెలోంచి రూపాయి కదలదు. పోస్టు మాత్రం ఆమె కోసం ఉంచాలి. ఈ మాట నేను చెప్పినప్పుడు ‘అవునా? మేమే ఇవ్వాలనుకున్నామే!’ అని ఆశ్చర్యపోయిన పెద్దమనుషులున్నారు. ఏళ్ల తరబడి చలానా కడుతూ, అది దేనికో తెలియక, లేని ఖర్చుకు భయపడి ఆడపిల్లల్ని పంపించేశారు. ఆషాఢం సేల్ లెక్కలు మాత్రం పైసాతో సహా నోటికొచ్చు.

21,000 దాటిన చోట కథ వేరు. లెక్చరర్లు, సీనియర్ నర్సులు, అకౌంటెంట్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. వీళ్లకు ఆరు నెలల జీతం యజమానే భరించాలి. పన్నెండు మంది పనిచేసే చిన్న సంస్థకు అది బరువే, కాదనను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరపు 183వ ఒప్పందం కూడా ఈ ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడకూడదనీ, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలనీ చెబుతుంది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. అందులో కనీస సెలవు 14 వారాలే. మనం 2017లో 12 వారాలను 26 చేసి ప్రపంచంలో తలెత్తుకున్నాం గానీ, ఆ పెంపు ఖర్చంతా యజమాని ఖాతాలోనే రాశాం. ఏడు వారాల జీతాన్ని యజమానులకు తిరిగి ఇస్తామని 2018లో కేంద్రం ఒక ప్రతిపాదన చేసింది. అది అమలు దాకా రాలేదు. దీని ఫలితం ఇంటర్వ్యూల్లో కనిపిస్తుంది. ‘పెళ్లయి ఎన్నాళ్లయింది? పిల్లల సంగతేంటి?’ ఇలాంటి వివరాలు దరఖాస్తు ఫారంలో అడిగినందుకు 1991లోనే సుప్రీంకోర్టు ఎల్‌ఐసీని మందలించి ఆ ప్రశ్నలు తీసేయమంది. ఇక్కడ ఫారంలో ఉండవు, నోటితో అడుగుతారు.

ఖర్చు భారం సంగతి ఢిల్లీ వాళ్లు తేల్చాలి. ఆ భారం తేలేదాకా గర్భిణి ఉద్యోగం పోతూ ఉండాలనడం మాత్రం కుదరదు.

తిరిగొచ్చాక జరిగేది ఇంకొకటుంది. ఎలాగో తట్టుకుని సెలవు పెట్టి వెళ్లిన లెక్చరర్ ఆరు నెలల తర్వాత వచ్చేసరికి ‘స్ట్రెంగ్త్ తగ్గిందమ్మా, రెండు సెక్షన్లు కలిపేశాం, నీ పోస్టు లేదు’ అంటారు. కొన్ని కాలేజీల్లో జూన్ నుంచి మార్చి దాకే అపాయింట్‌మెంట్ కాబట్టి పని ఇంకా సులువు, మళ్లీ జూన్‌లో పిలవకపోతే సరి. పోస్టులు తగ్గించేటప్పుడు ఎవరిని తగ్గించాలన్న నిర్ణయంలో చంటిబిడ్డ తల్లి పేరే ముందు ఎందుకొస్తుందో ఎవరూ అడగరు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఒక మార్పు తెచ్చారు. గర్భం సంగతి యజమానికి చెప్పిన రోజు నుంచి, బిడ్డ పుట్టాక 18 నెలల దాకా, సిబ్బందిని తగ్గించాల్సి వస్తే సంస్థలో ఉన్న తగిన వేరే ఖాళీని ముందు ఆమెకే ఇవ్వాలి. సెలవు ముగిసి తిరిగొచ్చిన రోజుతో రక్షణ ఆగిపోతే, ఆ మర్నాడే తీసేస్తున్నారని వాళ్లకు అర్థమైంది. మనకూ అర్థమయ్యే ఉంటుంది.

మరో సంగతి, ప్రైవేటు విద్యాసంస్థలకు ప్రసూతి చట్టం వర్తిస్తుందని కేరళ 2020లో విడిగా నోటిఫై చేసింది. ఇక్కడ కాలేజీల వాళ్లు ‘మాది షాపు కాదు, ఫ్యాక్టరీ కాదు’ అని నాతోనే వాదిస్తారు. మీరు రెండు వాక్యాల ఉత్తర్వు ఇస్తే ఆ వాదన ముగుస్తుంది.

(గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలు ఈ ఉత్తరంలో లేరు. వాళ్లకు రిజిస్టరే లేదు, రాజీనామా ఇవ్వడానికి ఉద్యోగమూ లేదు. అది ఇంతకంటే పెద్ద సంగతి, విడిగా రాయాల్సిందే.)

ఇక నేను అడిగేది. ఇటలీలో ఒకప్పుడు మన దగ్గరలాగే ఉద్యోగంలో చేరిన రోజే తేదీ లేని రాజీనామా మీద సంతకం తీసుకునే అలవాటు ఉండేది. దానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, గర్భిణి గానీ, మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న తల్లి గానీ రాజీనామా ఇస్తే, లేబర్ ఇన్‌స్పెక్టరేట్ ఆమెతో మాట్లాడి నిర్ధారించేదాకా ఆ రాజీనామా చెల్లదు. ఇంతే. యజమాని మీద కేసు కాదు, జరిమానా కాదు. ఒక మనిషి ఇంకో మనిషిని ‘ఇది నువ్వే ఇచ్చావా?’ అని అడగడం. మన రాష్ట్రం నిబంధనల్లో ఈ మాట చేర్చాలని, అందుకు కావాల్సిన సిఫార్సు మీ శాఖ నుంచి వెళ్లాలని కోరుతున్నాను. ఇందాక చెప్పిన 183వ ఒప్పందంలోనే ఇంకో మంచి నియమం ఉంది. తీసేయడానికి కారణం గర్భం కాదని రుజువు చేయాల్సింది యజమాని. ఇక్కడ రుజువులన్నీ బాలింతనే తెమ్మంటున్నాం.

నిజంగా మానుకోవాలనుకునే వాళ్లూ ఉంటారు. దూరం వల్ల, ఆరోగ్యం వల్ల, ఇంట్లో చూసేవాళ్లు లేక. వాళ్లు ఫోన్‌లో ‘అవునండీ, నేనే మానేశాను’ అంటే అక్కడితో అయిపోతుంది. కొందరిని మాన్పించేది షాపు కాదు, అత్తగారిల్లు. అదీ తెలుస్తుంది. తెలిసి మీరు చేయగలిగింది తక్కువే అనుకోండి.

నిబంధన మారేదాకా ఆగాల్సిన పనిలేదు. ఫిర్యాదు లేకపోయినా ఇన్‌స్పెక్టర్ తనంతట తాను విచారణ చేసి, డబ్బు ఇప్పించవచ్చని, తీసివేత మీద తగిన ఉత్తర్వు వేయవచ్చని 1961 చట్టం 17వ సెక్షన్ చెప్పింది. ఆ అధికారాన్ని ఈ రెండు ఊళ్లలో ఎవరైనా వాడగా నేను చూడలేదు. కొత్త కోడ్‌లో మీ ఇన్‌స్పెక్టర్ పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అయింది. ఏ షాపుకు వెళ్లాలో కంప్యూటర్ లాటరీ తీసి చెబుతుందట. యజమానుల మీద వేధింపులు తగ్గడానికి అది మంచిదే, నా క్లయింట్లు సంతోషించారు కూడా. కానీ బాలింత ఉద్యోగం పోయిన షాపు ఆ లాటరీలో తగిలేదాకా ఆమె ఎదురుచూడాలా? కంప్యూటర్‌కు ఏం చూసి ఎంచుకోవాలో చెప్పేది మనుషులే. ‘లెఫ్ట్ సర్వీస్’ కింద ఆడవాళ్ల పేర్లు ఎక్కువగా పోతున్న సంస్థలను ముందు చూడమని మీరు చెప్పవచ్చు.

సంస్థలో గోడ మీద ప్రసూతి చట్టం సారాంశం స్థానిక భాషలో అంటించాలని నియమం ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ ఈ హక్కులు రాతపూర్వకంగా తెలపాలని 2017 సవరణలో చేర్చారు. నేను వెళ్లే షోరూమ్‌ల గోడల మీద వ్యాపారం మొదలుపెట్టిన తాతగారి ఫొటో ఉంటుంది, జీఎస్టీ సర్టిఫికెట్ ఉంటుంది, ఇది ఉండదు. తెలుగులో ఒక్క పేజీ మీరే అచ్చు వేయించి, లైసెన్సు రెన్యువల్‌కు వచ్చిన ప్రతివాళ్ల చేతిలో పెట్టండి. అలాగే ఫిర్యాదును తెలుగులో, వాట్సాప్‌లో, తల్లి గానీ భర్త గానీ పంపినా తీసుకోండి. గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రిలోనూ, గుంటూరు ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్‌లోనూ గర్భిణుల ఓపీ ఉన్న రోజుల్లో మీ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ ఒకరు అక్కడ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆఫీసులో ఏడాదంతా రాని ఫిర్యాదులు వారంలో వస్తాయి. ఎలాగూ అక్కడ వాళ్లు గంటల తరబడి వరుసలోనే ఉంటారు.

అన్నిటికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయం ఉన్నది ఇదే ఊళ్లో. గత కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో, అంటే ఆ ఆరు నెలల్లో, ‘లెఫ్ట్ సర్వీస్’ పడిన 20 నుంచి 40 ఏళ్ల మహిళల జాబితా వాళ్లను అడిగి తెప్పించుకోండి. నా క్లయింట్ల వివరాలు నేను బయటపెట్టలేను గానీ, మీకు నాతో పనిలేదు, అంతా ఆ పోర్టల్‌లోనే ఉంది. ఆ జాబితా పట్టుకుని ఫోన్లు చేయించండి. చేసేవాళ్లు ఆడవాళ్లైతే మంచిది. చాలా రిజిస్ట్రేషన్లలో ఆ అమ్మాయి నంబర్‌కు బదులు షాపు సూపర్‌వైజర్ నంబర్ ఉంటుంది, అక్కడ మోసపోవద్దు. ఆధార్ చిరునామాకు ఉత్తరం రాయండి. ఫోన్ భర్తో, అత్తగారో ఎత్తితే ఆమెకే ఇమ్మనండి, లేదంటే మళ్లీ చేయండి. యజమానికి మాత్రం ముందుగా చెప్పకండి.

ఇట్లు,
ఒక పీఎఫ్, ఈఎస్‌ఐ కన్సల్టెంట్,
గవర్నర్‌పేట, విజయవాడ.